ఎస్త్రెమదురా నడక యాత్ర: రాబందులకు ఇచ్చిన సమయం రాజభవనాలకు ఇవ్వలేదు

స్పెయిన్‌కు పడమటి అంచున, పోర్చుగల్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఎస్త్రెమదురా ప్రాంతంలో ఒక చిన్న సంస్థ ఏటా వసంతకాలంలో నడిపే నడక యాత్రలో ఈసారి మేమూ చేరాము. అడవి పక్షులు, పాత కోటలు, ఓక్ వనాలు అన్నీ ఒకే యాత్రలో చూపిస్తామని వారి కరపత్రం చెబుతుంది. పక్షుల విషయంలో ఆ మాట నిలబెట్టుకున్నారు. చరిత్ర విషయంలో మాత్రం సగమే నెరవేరింది.

యాత్రలో ప్రధాన భాగం మొన్‌ఫ్రాగ్వే. తాహో, తియెతార్ నదులు కలిసే ఈ కొండల ప్రాంతానికి 1979లో రక్షణ లభించింది, 2007లో జాతీయ ఉద్యానవనం హోదా వచ్చింది. దారిదోపిడీ దొంగల బెడదను అరికట్టడానికి 18వ శతాబ్దంలో మూడవ కార్లోస్ రాజు కట్టించిన విల్యార్రెయాల్ దె సాన్ కార్లోస్ అనే బుల్లి గ్రామం నుంచి కాలిబాటలు బయలుదేరుతాయి. మరీ పెందలాడే బయలుదేరవద్దని మా గైడ్ పట్టుబట్టినప్పుడు కొందరు విసుక్కున్నారు గాని, దానికి కారణం సాల్తో దెల్ హితానో అనే మలుపు దగ్గర తెలిసింది. నదికి ఆవలి గట్టున నిటారుగా లేచిన రాతిగోడ మీద గ్రిఫన్ రాబందులు రెక్కలు సగం విప్పుకొని ఎండ కాచుకుంటున్నాయి. బరువైన ఆ పక్షులు రెక్కలాడించి ఎగరడానికి ఇష్టపడవు. రాయి వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగుతాయి. మొదట ఒకటి అంచు నుంచి జారి తేలింది, ఆ తర్వాత ఒకదాని వెనుక ఒకటి లేచాయి. కాసేపటికి అవి మా కళ్ళ ఎత్తులోనే చుట్లు తిరుగుతుంటే, రెక్కల చివరి ఈకలు గాలిని కోస్తున్న చప్పుడూ, మెడ చుట్టూ ఉన్న తెల్లని నూగుపట్టీ స్పష్టంగా తెలిశాయి.

గైడ్ అసలు సత్తా ఇక్కడే కనిపించింది. గ్రిఫన్ రాబందు కొండ చరియల్లో గూడు పెడితే నల్ల రాబందు చెట్ల కొమ్మల మీద పెడుతుందనీ, నల్ల రాబందులు ప్రపంచంలోనే అత్యధికంగా గూళ్ళు కట్టే చోట్లలో ఇదొకటనీ టెలిస్కోప్‌లో చూపిస్తూ వివరించాడు. పశువుల మెదడును దెబ్బతీసే మ్యాడ్ కౌ వ్యాధి తర్వాత చచ్చిన పశువులను పొలాల్లో వదలకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టడంతో ఈ పక్షులకు తిండి కరువైన సంగతీ, తరువాత ఆ నిబంధనను సడలించిన సంగతీ చెప్పాడు. ఇంకా నడవవలసిన దూరం ఉందని ఎవరినీ తొందరపెట్టలేదు. అయితే ఇంతమందికి ఒకే టెలిస్కోప్ తేవడం లోపమే. వరుసలో నిలబడి మన వంతు వచ్చేసరికి పక్షి కొండ దాటిపోయేది.

మొన్‌ఫ్రాగ్వే కోట ఎక్కే దారిని కరపత్రంలో ‘సులభం’ అని రాశారు. అది నిజం కాదు. రాళ్ళు కాలికింద జారే ఏటవాలు దారి అది, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఆలోచించుకోవాలి. అరబ్బుల కాలపు కోటలో నేడు మిగిలింది ప్రధానంగా బురుజు. దాని పైనుంచి కనిపించే నదీ లోయ కోసమైనా ఎక్కవచ్చు. కోట కింది గుహలో చరిత్రపూర్వ కాలపు చిత్రాలున్నాయని ఊరించి, చివరికి బయటి బోర్డు మాత్రమే చూపించారు. గుహలోకి అందరినీ అనుమతించరు కాబట్టి అది వారి తప్పు కాదు. కానీ దగ్గరలోని తొర్రెహోన్ ఎల్ రూబియో ఊళ్ళో ఈ చిత్రాలను గురించి తెలిపే కేంద్రం ఉండగా, అక్కడికి తీసుకువెళ్ళకపోవడం నిర్లక్ష్యమే.

ఓక్ వనాల నడక దీనికి పూర్తిగా భిన్నం: చదునైన నేల, దూరదూరంగా చెట్లు, వాటి కింద మేసే పశువులు. సీసా బిరడాలకు వాడే బెండు ఓక్ బెరడును తొమ్మిదేళ్ళకొకసారి ఒలుస్తారు. ఒలిచిన ఏడాదిలోని చివరి అంకెను మాను మీద రంగుతో రాస్తారు. అది తెలిశాక ప్రతి చెట్టు దగ్గరా ఆగి లెక్కవేయడం మాకు అలవాటైపోయింది.

త్రుహీయో పట్టణానికి ఒక్క పూట మాత్రమే కేటాయించడం ఈ యాత్రలో పెద్ద కొరత. పెరూను ఆక్రమించిన ఫ్రాన్సిస్కో పిజారో పుట్టిన ఊరు ఇది. కూడలిలోని అతని కంచు విగ్రహం ముందు ఫొటోలకు బోలెడంత సమయం ఇచ్చారు గాని, అక్కడే ఒక మూలన ఉన్న కాంక్విస్తా మార్క్విస్ భవనాన్ని వేలెత్తి చూపించనైనా లేదు. ఫ్రాన్సిస్కో సోదరుడు ఎర్నాందో కట్టించిన ఆ భవనపు మూల బాల్కనీ పక్కన చెక్కిన ముఖాలలో పెరూను ఏలిన ఇన్కా వంశపు రాచకన్య ఇనెస్ యుపాంకీ, ఆమెకు ఫ్రాన్సిస్కో వల్ల పుట్టి చివరికి సొంత బాబాయి ఎర్నాందోకే భార్య అయిన ఫ్రాన్సిస్కా కూడా ఉన్నారు. ఆక్రమణ కథంతా ఆ ఒక్క మూలలో ఉండగా, మా గైడ్ ఆ కథను ఊరి వీరుడి విజయగాథగా రెండు వాక్యాలలో ముగించాడు. అంతసేపూ అందరి చూపూ సాన్ మార్తీన్ చర్చి గోపురాల మీద గూళ్ళు కట్టిన తెల్ల కొంగల మీదే ఉండడంలో ఆశ్చర్యం లేదు.

చివరి మజిలీ అల్కాంతరా. రోమన్ చక్రవర్తి ట్రాజన్ కాలంలో, క్రీ.శ. 104–106 మధ్య తాహో నది మీద కట్టిన ఆరు కమానుల రాతి వంతెన ఇది. ఇక్కడ మాత్రం నది ఒడ్డుకు దిగి, కింది నుంచి తలెత్తి చూసే బాటలో నడిపించారు. వంతెన ఎత్తు నిజంగా తెలిసేది అక్కడి నుంచే.

బస, సామాను చేరవేత, దారిలో భోజనం విషయంలో ఫిర్యాదు లేదు. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏప్రిల్ దాటాక ఈ యాత్రకు వెళ్ళమని నేను చెప్పను. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఒకరోజు ముందుగానే మాద్రిద్ నుంచి బస్సులో త్రుహీయో చేరుకొని, ఆ భవనాలను సొంతంగా తీరిగ్గా చూసుకొని, ఆ తర్వాత బృందంతో కలవడం మేలు.