పాత స్పోర్ట్స్ కారు మిస్సింగ్ కొడుతుంటే ముందు కార్బురేటర్ విప్పాలా, ఇగ్నిషన్ చూడాలా?

పొద్దున్నే చోక్ లాగి సెల్ఫ్ కొడితే ఐదారు సార్లకు గానీ అందుకోదు, అందుకున్నా ఒక సిలిండర్ పని చేయనట్టు కుదుపుతూ తిరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది. ఇలాంటప్పుడు దాదాపు అందరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని నేరుగా పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ దగ్గరికే వెళ్తారు. అది కంటికి ఎదురుగా ఉంటుంది, తిప్పడానికి స్క్రూలు ఉంటాయి, తిప్పగానే ఇంజిన్ శబ్దం మారుతుంది కాబట్టి ఏదో పని జరుగుతోందన్న నమ్మకం వస్తుంది. నా ఓటు మాత్రం ఇగ్నిషన్‌కే, అంటే స్పార్క్ పుట్టించే వైపుకే. కార్బురేటర్‌తోనే మొదలుపెట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు, వాటి గురించి కూడా చెబుతాను.

నాది 1971 మోడల్ ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1798 సీసీ, రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు. చల్లగా ఉన్నప్పుడు ఓ మాదిరిగా నడిచేది, ఇరవై నిమిషాలు తిరిగాక మిస్సింగ్ మొదలయ్యేది, వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యేది కాదు. ప్లగ్‌లు తీసి చూస్తే నల్లగా మసి పట్టి ఉన్నాయి. పెట్రోల్ ఎక్కువవుతోందని, అంటే రిచ్‌గా ఉందని తేల్చేసుకుని రెండు కార్బురేటర్లలో పెట్రోల్ వచ్చే జెట్‌ను పైకీ కిందికీ జరిపే నట్లను కొంచెం కొంచెంగా పైకి తిప్పుతూ లీన్ చేస్తూ, అంటే పెట్రోల్ తగ్గిస్తూ పోయాను. మూడు వారాంతాలు దానికే అయిపోయాయి. చివరికి స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే, కాయిల్ కరెంటును తెంచి స్పార్క్ పుట్టించే పాయింట్లలో ఒకదాని ముఖం మీద చిన్న గుంట, ఎదురుగా ఉన్నదాని మీద అంతే సైజులో బొడిపె కనబడ్డాయి. లోహం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు ఎగిరి అతుక్కుందన్నమాట, పాయింట్ల పక్కనుండే కండెన్సర్ పాడైతే అవి తరచూ అలాగే అవుతాయి. స్పార్క్ చూస్తే నీలంగా టక్కుమని దూకాల్సింది సన్నగా, నారింజ రంగులో, ఉందా లేదా అన్నట్టు వస్తోంది. కండెన్సర్, పాయింట్లు మార్చాక వేడి మీద మిస్సింగ్ పోయింది కానీ నేను అనవసరంగా లీన్ చేసి పెట్టిన మిక్స్చర్ (పెట్రోల్, గాలి మిశ్రమం) వల్ల ఇప్పుడు కార్బురేటర్లలోంచి వెనక్కి పేలడం మొదలైంది. ఒక రిపేరు కాస్తా రెండు రిపేర్లయింది.

తేడా అంతా ఇక్కడే ఉంది. నల్లటి ప్లగ్‌కు రెండు అర్థాలున్నాయి, పెట్రోల్ ఎక్కువ కావచ్చు, లేదా వచ్చిన పెట్రోల్‌ను కాల్చే దమ్ము స్పార్క్‌కు లేకపోవచ్చు. ఒక్క మసిని చూసి ఏదో చెప్పలేం. ఇగ్నిషన్‌లో చాలావాటికి కొలత ఉంటుంది: ఈ ఇంజిన్‌కు పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ 0.6 చుట్టూ, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూస్తే సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. కార్బురేటర్ సెట్టింగ్ అలా కాదు, మిగతా అంతా బాగుందని నమ్మి, దానికి తగ్గట్టు కుదుర్చుకునేది. అందుకే ఆ కాలం వర్క్‌షాప్ మాన్యువల్స్‌లో ట్యాపెట్లు, ప్లగ్‌లు, పాయింట్లు, టైమింగ్ చూసుకున్నాకే మిక్స్చర్ ముట్టుకోమని రాసి ఉంటుంది.

రెండింటిలో ఏదో తేల్చడానికి నాకు బాగా పనికొచ్చింది, వైరులో స్పార్క్ వెళ్లిన ప్రతిసారీ మెరిసే టైమింగ్ లైట్. టైమింగ్ చూసుకోవడానికి కాదు, దాని క్లిప్‌ను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరుకు తగిలించి, ఇంజిన్ కుదుపుతున్నప్పుడు లైటును చూస్తూ కూర్చోవడానికి. కుదుపు వచ్చిన ప్రతిసారీ లైటు కూడా తడబడితే తప్పు కాయిల్, పాయింట్లు, కండెన్సర్, వాటి వైర్లలో ఉంది. కాయిల్ వైరు దగ్గర లైటు నిలకడగా ఉండి ఏదో ఒక ప్లగ్ వైరు దగ్గర తప్పుతుంటే డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, ఆ వైరు చూడాలి. లైటు అన్ని చోట్లా చక్కగా వెలుగుతున్నా ఇంజిన్ కుదుపుతుంటే మీ అనుమానం ప్లగ్‌ల మీదకు, అవీ బాగుంటే పెట్రోల్ వైపుకు, కంప్రెషన్ వైపుకు వెళ్లాలి. పది నిమిషాల పని ఇది, ఏదీ విప్పక్కర్లేదు, ఏ సెట్టింగూ కదలదు.

అసలు స్టార్టే కాకపోతే ఇంకా ముందు బ్యాటరీ చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజ్ సుమారు 9.6 కంటే కిందికి పడిపోతుంటే స్టార్టర్ ఎలాగోలా తిప్పుతుంది కానీ కాయిల్‌కు మిగిలేది తక్కువ, స్పార్క్ నీరసపడుతుంది. కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్ ఉన్న కార్లలో ఇంకో ఆనవాలు ఉంది, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకుని, తాళం వదలగానే ఠక్కున ఆగిపోతే ఆ రెసిస్టర్ గానీ దాని వైరు గానీ తెగి ఉండొచ్చు. ఈ లక్షణం చూసి కార్బురేటర్ విప్పితే దొరికేదేమీ ఉండదు.

మరి కార్బురేటర్‌తోనే ఎప్పుడు మొదలుపెట్టాలి? కారు నెలల తరబడి కదలకుండా పడి ఉంటే, బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన కొడితే, ఓవర్‌ఫ్లో పైపులోంచి చుక్కలు పడుతుంటే, ఇక ఆలోచించక్కర్లేదు, కార్బురేటర్ పక్కన పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ చాంబర్, అది నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ చూడాల్సిందే. వాసన ఉన్నచోట స్పార్క్ పరీక్షలు మాత్రం పెట్టుకోవద్దు, ముందు ఆ పెట్రోల్ కారడం ఆపండి. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు ఉన్న కార్లలో తాళం తిప్పి చెవి పెడితే కొంతసేపు టిక్ టిక్ మని, ఫ్లోట్ చాంబర్లు నిండగానే ఆగిపోవాలి. ఇంజిన్ ఆపి ఉన్నా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే పెట్రోల్ ఎక్కడో బయటికి పోతోంది, లేదా పంపు గాలి లాగుతోంది. చలికి మాత్రమే మొండికేసి, వేడెక్కాక హాయిగా నడిచే కారైతే చోక్ చూడండి. ఎస్‌యూలో గాలిని మూసే రేకు ఉండదు, చోక్ లాగితే జెట్ కిందికి దిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. రెండు కార్బురేటర్లలో ఒకదానికే జెట్ దిగుతుంటే నాలుగింట్లో రెండు సిలిండర్లకు పొద్దున పూట సరిపడా పెట్రోల్ అందదు. ఐడిలింగ్ ఎంత సెట్ చేసినా నిలవకపోతే థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ) అరిగి పక్కనుంచి గాలి లాగుతుండొచ్చు, దాన్ని ఏ స్క్రూ తిప్పీ సరిచేయలేం.

కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) గురించి ఒక్క మాట. సిలిండర్ల మధ్య తేడా 10 శాతంలోపు ఉంటే దాన్ని వదిలేయొచ్చు, పక్కపక్కన రెండు సిలిండర్లు బాగా తక్కువ చూపిస్తే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకుని ఈ చర్చంతా అక్కడితో ఆపేయాలి.

ఇవేవీ చూడకుండా ప్లగ్‌లు, వైర్లు, మూత, రోటర్, కాయిల్ అన్నీ ఒకేసారి కొత్తవి వేసేయడం మూడో దారి. నాకు ఇది నచ్చదు. కొత్త కండెన్సర్లు, రోటర్లు కూడా డబ్బాలోంచి తీసినప్పుడే బాగుండనివి వస్తున్నాయి, ఐదు ఒక్కసారి మారిస్తే కొత్త తప్పు ఎందులోంచి వచ్చిందో పట్టుకోలేం. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం మంచి పనే, అవి అరిగి గ్యాప్ మారిపోయే బాధ తప్పుతుంది, కానీ కారు మొరాయిస్తున్నప్పుడు కాదు, ఉన్నదానితో సరిగ్గా నడిపించాక పెట్టండి.

నా కారు విషయానికొస్తే, స్పార్క్ కుదిరాక కార్బురేటర్లకు పట్టింది అరగంట. జెట్ నట్లు పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి రెండు పూర్తి చుట్లు కిందికి దించి, ఇంజిన్ వేడెక్కాక కార్బురేటర్‌కు ఉండే పిన్నుతో దాని లోపలి పిస్టన్‌ను (ఇంజిన్ పిస్టన్ కాదు) 0.8 మిల్లీమీటర్ మాత్రం ఎత్తి చూశాను. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, పడిపోతే లీన్, ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. ముందుది మొదటిసారికే కుదిరింది. వెనకదానికి నట్టు ఇంకొక్క పలక, అంటే చుట్టులో ఆరో వంతు, కిందికి తిప్పాల్సి వచ్చింది.