మిమిక్రీ స్టేజీకి షూర్ ఎస్‌ఎం58: కొనేముందు, పట్టుకునేముందు

నేరెళ్ళ వేణుమాధవ్ గారి ప్రోగ్రాం ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళు వరంగల్, హనుమకొండల్లో ఇంకా ఉన్నారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చి, 2001లో పద్మశ్రీ అందుకున్న ఆ మహానుభావుడికి వేదిక మీద కావలసిందల్లా తన గొంతు, ముందొక మైకు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 28ని ఇప్పుడు ప్రపంచ మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం, కొత్త పిల్లలు ఉత్సాహంగా స్టేజీ ఎక్కుతున్నారు. గొంతులో పస ఉంటుంది, అయినా చివరి వరుసలో ఉన్నవాళ్ళకు ఎవరి గొంతు తీశారో అర్థం కాదు. చాలాసార్లు లోపం గొంతులో ఉండదు. మైకులో, దాన్ని పట్టుకున్న తీరులో ఉంటుంది.

మిమిక్రీకి ఒక్క మైకే కొనాలనుకుంటే మా మాట షూర్ కంపెనీ ఎస్‌ఎం58. ఇది 1966 నుంచి వస్తున్న డైనమిక్ మైకు, అంటే లోపలి తీగచుట్ట కదలికతో ధ్వనిని పట్టే రకం. బరువు దాదాపు 300 గ్రాములు, ఫాంటం పవర్ (మిక్సర్ నుంచి వైరులోనే మైకుకు వచ్చే కరెంటు) అక్కర్లేదు, 50 హెర్ట్‌జ్ లోతు ధ్వని నుంచి 15 కిలోహెర్ట్‌జ్ సన్నటి ధ్వని దాకా పట్టుకుంటుంది. కరెంటు అందితేనే పనిచేసే, సున్నితమైన కండెన్సర్ మైకు అంతకన్నా సన్నని ధ్వనులు పట్టుకుంటుంది, నిజమే. కానీ పందిరి వెనక జనరేటర్‌నూ, నెత్తిమీద ఫ్యాన్లనూ, వంటల దగ్గర గిన్నెల మోతనూ కూడా పట్టుకొస్తుంది. ఎస్‌ఎం58 ఎదురుగా ఉన్న నోటినే వింటుంది, వెనక చప్పుడును చాలావరకు వదిలేస్తుంది.

మిమిక్రీ వాళ్ళకు దీని అసలు విలువ దగ్గర, దూరాల తేడాలో ఉంది. పెదవికి ఆనేంత దగ్గరికి తెస్తే 100 హెర్ట్‌జ్ దగ్గర బేస్ (బరువైన లోతు ధ్వని) 6 నుంచి 10 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇదే కళాకారుడి చేతిలో పనిముట్టు. కాజీపేట జంక్షన్ పక్కనున్న ఊళ్ళవాళ్ళం కాబట్టి రైలు ఐటమ్‌నే తీసుకోండి. ఎక్కడో దూరాన కూత వినిపించాలంటే మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. బండి దగ్గరికొస్తున్నకొద్దీ మైకును మెల్లగా లోపలికి తేవాలి, గొంతు మాత్రం పెంచకూడదు. ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి మైకు పెదవికి ఆనాలి, ఆవిరి శబ్దం గొంతులోంచి కాదు, బుగ్గల్లోంచి రావాలి. వెంటనే చాయ్ అమ్మే పిల్లాడి కేక వేయాలంటే మైకు మళ్ళీ బెత్తెడు వెనక్కి పోవాలి. అక్కడే ఉంచితే ఆ సన్నటి కేకకు కూడా ఇంజను బరువు వచ్చేస్తుంది, ఐటమ్ మొత్తం పోతుంది.

పట్టుకునేటప్పుడు జాలీ గుండును గుప్పిట్లో మూయొద్దు. వెనక నుంచి వచ్చే ధ్వనిని వదిలించే దారులు మూసుకుపోయి మైకు నలువైపులా వినడం మొదలుపెడుతుంది. మానిటర్ (కళాకారుడికి తన గొంతు వినిపించే స్టేజీ స్పీకర్) లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో పడి కూ అంటుంది. ప, భ, ఫ లాంటి అక్షరాలకు డబ్ డబ్‌మని గాలి తగలకుండా మైకును గడ్డం ముందు నుంచి ఏటవాలుగా పైకి పెట్టాలి. మానిటర్ బాక్సు సరిగ్గా మైకు తోక వైపే ఉండాలి.

సౌండ్ ఆయనతో ప్రోగ్రాంకు ముందే పది నిమిషాలు కూర్చోండి. గెయిన్‌ను (మైకు ధ్వనిని మిక్సర్ ఎంత పెంచాలో చెప్పే మీట) "హలో, మైక్ టెస్టింగ్"కు సెట్ చేయిస్తే సింహం గర్జనకు స్పీకర్ చిట్లినట్టు పగిలిపోతుంది. మీ ఐటమ్స్‌లో అన్నిటికన్నా గట్టిదాన్ని వినిపించి దానికి సెట్ చేయించుకోవాలి. ఎకో పూర్తిగా తీసేయమనండి. పెళ్ళి యాంకరింగ్‌కు పెట్టిన ఎకో అట్లాగే ఉండిపోతే అన్ని గొంతులూ ఒక్కలాగే వినిపిస్తాయి, మనవాళ్ళ ప్రోగ్రాంలను ఎక్కువగా పాడుచేసేది ఇదే. చిన్న శబ్దాలను ఆపేసే నాయిస్ గేట్ ఆన్‌లో ఉంటే గాలివీత, గుసగుస మధ్యలో తెగిపోతాయి. లోతు ధ్వనులను కోసేసే లో కట్ మాటలకు మంచిది, ఉరుములకూ రైలుకూ మాత్రం తీసేయించాలి.

కార్డ్‌లెస్ మీద మోజు అందరికీ ఉంటుంది. మేమైతే వైరుకే ఓటేస్తాం. చౌక కార్డ్‌లెస్‌లలో వాన చప్పుడు, ఊపిరి లాంటి ధ్వనులు నలిగిపోతాయి, బ్యాటరీ దిగులు వేరే. వైరు రెండు కొసల్లోనూ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి మైకు ప్లగ్గు) ఉన్నదే తీసుకోండి. ఒక కొసన మామూలు జాక్ ఉన్న వైరు పొడవు పెరిగితే కరెంటు గుర్రుమనే మోత వస్తుంది. మైకు పెట్టెలో వైరు రాకపోవచ్చు, కొనేటప్పుడే అడగండి.

ఎస్‌ఎం58కు నకిలీలు చాలా ఉన్నాయి. ధర మరీ తక్కువ చెబితే ఆగండి, తూకం వేసి చూడండి, బిల్లు ఇవ్వనంటే లేచి వచ్చేయండి. స్విచ్ ఉన్న రకం వద్దు, ఐటమ్ మధ్యలో బొటనవేలు తగిలి ఆగిపోతుంది.

పది ప్రోగ్రాంలకోసారి జాలీని తిప్పి ఊడదీసి, లోపలి స్పంజిని కొద్దిగా సబ్బు కలిపిన నీళ్ళతో కడగండి. కింది భాగానికి నీటి చుక్క తగలకూడదు. రాత్రంతా ఆరాకే బిగించాలి, తడి స్పంజి ఉంటే చిలుక గొంతు మూగబోయినట్టు వస్తుంది.