ఈస్ట్ బెంగాల్ అభిమానం: చాలా ఏళ్ళ వాడకం తర్వాత

గెలుపు చూడటానికే ఫుట్‌బాల్ పెట్టుకునేవాళ్ళు ఈ క్లబ్ జోలికి రాకండి. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి వచ్చాక మొదటి ఐదు సీజన్లలో ఈస్ట్ బెంగాల్ స్థానాలు వరసగా 9, 11, 9, 9, 9. ఆ పదకొండు కూడా పదకొండు జట్లున్న లీగులో. పేరుకు 1920లో పుట్టిన క్లబ్, కోల్‌కతాలో మోహన్ బగాన్‌కు సమవుజ్జీ. పాయింట్ల పట్టికలో మాత్రం ఆ ఐదు సీజన్లూ అడుగు భాగమే మాది. శ్రీకాకుళంలో కూర్చుని ఇన్నేళ్ళుగా దీన్ని పట్టుకుని వేలాడుతున్నాను కాబట్టి, కొత్తగా చేరాలనుకునేవాళ్ళ కోసం మంచీ చెడూ రాస్తున్నాను.

నాకిది ఇంట్లోంచి వచ్చింది. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. మా జిల్లా నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడినవాళ్ళు కోకొల్లలు. అక్కడ ఫుట్‌బాల్ మాటొస్తే మొదటి ప్రశ్న, నువ్వు ఎటు అని. పశ్చిమ బెంగాల్ పాతకాపులు మోహన్ బగాన్ వైపు, తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చినవాళ్ళు ఈస్ట్ బెంగాల్ వైపు. దేశ విభజనతో ఇల్లూ పొలమూ వదిలేసుకుని వచ్చిన లక్షల మందికి ఈ క్లబ్బే సొంతూరైంది. మా నాన్న ఆ రెండు వర్గాల్లోనూ లేరు. "ఊరొదిలొచ్చినోళ్ళ జట్టురా ఇది, మనమూ అంతే కదా" అనేవారు. దానికి తోడు 1950 ప్రాంతంలో ఆ జట్టు ఫార్వర్డ్ లైనుకు పంచపాండవులని పేరు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అప్పారావు అన్న పేరు వింటే చాలు, ఆయనకు మా వీధి మనిషే ఆడుతున్నట్టు ఉండేది.

నేను పూర్తిగా పడిపోయింది 1997 జూలై 13న. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలకు పైగా జనం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా డైమండ్ వ్యూహం గురించి అంతకుముందు ఊరంతా ఒకటే మోత. మావాళ్ళు 4-1తో కొట్టారు, భైచుంగ్ భూటియా హ్యాట్రిక్. రైల్వే క్వార్టర్స్‌లో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది షోరూంలో డిస్‌ప్లేకి పెట్టిన పీసు. ఇంటికి పంపేది వేరే.

నాన్న రిటైరయ్యాక శ్రీకాకుళం వచ్చేశాం. 2003లో జకార్తాలో ఆసియాన్ కప్ ఫైనల్లో మావాళ్ళు థాయిలాండ్ జట్టు బీఈసీ టెరో సాసనాను 3-1తో ఓడించినప్పుడు, ఆ ఆనందం పంచుకోవడానికి నాన్న తప్ప ఇంకో మనిషి దొరకలేదు. బరువులెత్తే జిల్లా మాది. కరణం మల్లీశ్వరి ఊసవానిపేట పిల్ల. మిగతాదంతా క్రికెట్. పక్కింటాయన ఇప్పటికీ అడుగుతారు, "ఏటి బావూ, ఆళ్ళు ఓడిపోతే నువ్వు అన్నం మానేస్తావేటి, ఆళ్ళు మనకేటవుతారు?" అని. దీనికి జవాబు నా దగ్గర లేదు, ఇప్పట్లో వచ్చేలా కూడా లేదు.

2004 తర్వాత ఏళ్ళ తరబడి జాతీయ లీగు టైటిల్ అందలేదు. 2009లో మోహన్ బగాన్ చేతిలో 5-3, ఎడే చిడీ ఒక్కడే నాలుగు కొట్టాడు. 2018-19లో చెన్నై సిటీ కన్నా ఒక్క పాయింటు తక్కువై ఐ-లీగ్ (ఐఎస్‌ఎల్‌కు రాకముందు మేం ఆడిన జాతీయ లీగు) పోయింది. నాకు వీటన్నిటికన్నా చికాకు పుట్టించింది ఆఫీసు గొడవలు. 2018లో ఒక ఇన్వెస్టరు, 2020లో ఇంకొకరు, 2022లో మరొకరు. ప్రతిసారీ సంతకాల పంచాయితీ తేలేసరికి మంచి ఆటగాళ్ళు వేరే చోట్ల కుదురుకునేవారు. కోచ్‌ల పేర్లు గుర్తుపెట్టుకోవడం నేనైతే మానేశాను.

ఇక పెట్టిన ఖర్చంతా వసూలైన రోజు గురించి. 2024 జనవరి 28, సూపర్ కప్ ఫైనల్, భువనేశ్వర్ కళింగ స్టేడియం. కోల్‌కతా మనకు రాత్రంతా ప్రయాణం గానీ భువనేశ్వర్ ఆమదాలవలస స్టేషన్ నుంచి ఐదారు గంటలే. ప్రత్యర్థి ఒడిశా ఎఫ్‌సీ, అంటే వాళ్ళ సొంత గడ్డ. ముందు వాళ్ళే కొట్టారు. రెండో సగంలో నందకుమార్ సమం చేశాడు, అంతకుముందు ఒడిశాకే ఆడినవాడు. సౌల్ క్రెస్పో పెనాల్టీతో 2-1 అయింది. ఇంజురీ టైమ్ కూడా అయిపోవస్తోంది, అప్పుడు వాళ్ళకు పెనాల్టీ. 2-2. నా పక్కన ఎరుపూ పసుపూ జెర్సీ వేసుకున్న పెద్దాయన ఒకరు గ్రౌండుకు వీపు పెట్టి మెట్ల మీద కూర్చుండిపోయారు. మావాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఆ టెన్షన్ అర్థమవుతుంది: ఇలాంటివి మేం గెలవం. ఎక్స్‌ట్రా టైమ్‌లో, 111వ నిమిషంలో క్లెయిటన్ సిల్వా కొట్టాడు. 3-2. 2012 ఫెడరేషన్ కప్ తర్వాత మళ్ళీ జాతీయ స్థాయి కప్పు ఇదే. ఆ పెద్దాయన నన్ను పట్టుకుని బెంగాలీలో ఏదేదో చెప్పారు. ఖరగ్‌పూర్ వదిలాక మర్చిపోయాననుకున్న భాష, సగం అర్థమైంది, మిగతా సగం అక్కర్లేకపోయింది. తెల్లారి ఆమదాలవలసలో దిగి ఫోన్ చేస్తే నాన్న, "గెలిచినా ఆఖరిదాకా చంపారు కదరా" అన్నారు.

తర్వాతి ఐఎస్‌ఎల్ సీజన్లో మొదటి ఆరు మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయారు. అది కూడా ఇందులో భాగమే.

తెలుగువాళ్ళకు హైదరాబాద్ ఎఫ్‌సీ ఉండగా ఇదెందుకు అనేవాళ్ళుండేవారు. 2021-22లో ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచిన జట్టే, కాదనను. డబ్బు ఇబ్బందుల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మాది ఓడినా ఉన్నచోటే ఓడుతుంది.

వాడకంలో చిన్న చిక్కులు చెప్పాలి. మ్యాచ్‌లు ఏ చానెల్లో, ఏ యాప్‌లో వస్తాయో ప్రతి సీజనూ కొత్తగా వెతుక్కోవాలి. జెర్సీ ఇక్కడ షాపుల్లో దొరకదు, తెప్పించుకోవాల్సిందే. ఇంకొకటి, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిస చేప వండుకోవడం అక్కడి ఆచారం, రొయ్య మోహన్ బగాన్‌వాళ్ళది. మన తీరంలో ఎటు చూసినా రొయ్యల చెరువులే. డెర్బీ రోజు, అంటే మోహన్ బగాన్‌తో మ్యాచ్ ఉన్న రోజు, మా ఇంట్లో రొయ్యలు వండనివ్వను. దీని మీద మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయడం కుదరదు. ఇంట్లో ఆడపిల్లలుంటే మహిళల జట్టుతో మొదలుపెట్టించండి, 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ విజేతలు వాళ్ళే.

డెర్బీకి వెళ్ళాలనుకుంటే హోటల్ బుకింగులు ముందే చేసుకోకండి. 2024 ఆగస్టులో డ్యూరండ్ కప్ డెర్బీ భద్రతా కారణాలతో రద్దయింది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో వైద్యురాలిపై జరిగిన హత్యాచారం మీద ఆ రోజు రెండు క్లబ్బుల అభిమానులూ కలిసి రోడ్డెక్కారు. 2025 జనవరి డెర్బీ గంగాసాగర్ మేళా బందోబస్తు వల్ల గువాహటికి వెళ్ళిపోయింది. పోలీసు అనుమతి వచ్చిందని కచ్చితంగా తెలిశాకే హౌరా రైలుకు టికెట్ తీయండి, తత్కాల్ అయినా పర్లేదు.