న్యూయార్క్ క్రోటన్ నీటి శుద్ధి కేంద్రం: ఒక వినియోగదారు సమీక్ష

న్యూయార్క్ నగరానికి తాగునీరు మూడు జలవ్యవస్థల నుంచి వస్తుంది. వాటిలో అన్నిటికన్నా పాతదైన క్రోటన్ 1842 నుంచి నగరం దాహం తీరుస్తున్నా, ఆ నీటిని వడకట్టే కేంద్రం 2015 మే నెలలో గాని పని మొదలుపెట్టలేదు. బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో, గోల్ఫ్ సాధన మైదానం అడుగున నిర్మించిన ఈ కేంద్రం రోజుకు 29 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 110 కోట్ల లీటర్ల నీటిని శుద్ధి చేయగలదు. ఆ నీటిని వాడుకునే కుటుంబంగా మాకు తెలిసిన మంచిచెడ్డలు, ఈ నగరానికి కొత్తగా వచ్చే మనవాళ్లకు పనికివస్తాయని రాస్తున్నాను.

మిగతా రెండు వ్యవస్థలైన క్యాట్‌స్కిల్, డెలావేర్ నీళ్లు కొండల నుంచి, అడవుల మధ్య నుంచి వస్తాయి. ఆ పరీవాహక ప్రాంతాన్ని శుభ్రంగా కాపాడుతున్నందున వాటిని వడకట్టకుండానే, అతినీలలోహిత కిరణాలతోనూ క్లోరిన్‌తోనూ శుద్ధి చేసి పంపడానికి అనుమతి ఉంది. క్రోటన్ జలాశయాల చుట్టూ మాత్రం ఊళ్లు పెరిగిపోయాయి. వేసవి చివర్లో నీటికి రంగు, వాసన వచ్చేవి. నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు ఏర్పడే ఉప ఉత్పత్తుల బెడద వీటికి తోడు.

ఈ కేంద్రంలో నాకు బాగా నచ్చినది శుద్ధి చేసే పద్ధతి. బిందెలో పటిక ముక్క తిప్పితే నీటిలోని మట్టి అడుగుకు చేరడం మన ఊళ్లలో అందరూ చూసినదే. ఇక్కడ కూడా మొదట రసాయనాలు కలిపి సన్నని మలినాలను తెట్టెలుగా కట్టిస్తారు గాని, వాటిని కిందికి దిగనివ్వరు. ఒత్తిడిలో గాలి కరిగించిన నీటిని అడుగు నుంచి వదలగా పుట్టే అతి సన్నని బుడగలు ఆ తెట్టెలను పైకి మోసుకొస్తాయి, పైన తేలిన దాన్ని తీసివేస్తారు. తేలికైన నాచు, సేంద్రియ రేణువులు ఎక్కువగా ఉండే జలాశయపు నీటికి ఇదే తగిన పద్ధతి, పైగా స్థలం కూడా తక్కువ పడుతుంది. ఆ తర్వాత నీరు ఆంత్రసైట్ బొగ్గు, ఇసుక పొరల గుండా దిగి, అతినీలలోహిత దీపాలను దాటి, క్లోరిన్‌తో కలిసి నగరంలోకి వెళుతుంది.

ఫలితం గ్లాసులో తెలుస్తుంది. నీరు తేటగా ఉంటుంది, నాచు వాసన రాదు. చలికాలంలో కుళాయి తిప్పగానే ఒక్కోసారి పాలలా తెల్లగా వస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు. గ్లాసును నిలకడగా ఉంచితే తెలుపు అడుగు నుంచి పైకి విడిపోతూ పోతుంది. అది కేవలం గాలి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాలను అంకెలో చూపే పరికరం దగ్గర. క్రోటన్ నీటికి కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు) ఎక్కువ కాబట్టి టీ కెటిల్‌లో తెల్లని పొర కడుతుంది, మీటరులో అంకె కూడా ఎక్కువే చూపిస్తుంది. వడకట్టని క్యాట్‌స్కిల్ నీటికి అదే మీటరు తక్కువ అంకె చూపిస్తుంది. ఇసుక పొరలు కరిగి ఉన్న లవణాలను తీయవు, తీయవలసిన అవసరమూ లేదు. అవి ఆపేది రేణువులనూ, సూక్ష్మజీవులనూ. ఆ అంకెను చూసి ఈ నీరు మంచిది కాదని తేల్చి, సన్నని పొర గుండా నీటిని ఒత్తిడితో నెట్టి లవణాలను తీసే, ఎంతో నీటిని వృథాగా వదిలే ఆర్ఓ యంత్రం బిగించుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

నిర్మాణం జరిగిన తీరును మాత్రం మెచ్చుకోలేను. క్రోటన్ నీటిని వడకట్టే కేంద్రం కట్టాలని ఫెడరల్ ప్రభుత్వంతో 1998లో ఒప్పందం కుదిరినా, పార్కు భూమి వాడుకోవడానికి రాష్ట్ర శాసనసభ అనుమతి తప్పనిసరి అని 2001లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పేదాకా నగరం ఆ అనుమతి తీసుకోలేదు. పని 2004లో మొదలై పదేళ్లు దాటింది, ఖర్చు 300 కోట్ల డాలర్లు మించింది. ఆ భారం నీటి బిల్లు కట్టే ప్రతి ఇంటి మీదా పడింది. చుట్టుపక్కల వాళ్లు ఏళ్ల తరబడి దుమ్ము, చప్పుడు భరించారు. అయినా 2024లో డెలావేర్ నీటిని నగరానికి తెచ్చే సొరంగాన్ని మరమ్మతు కోసం మూసి, కరువు వల్ల ఆ పనిని మధ్యలో నిలిపిన రోజుల్లో, నగరానికి దగ్గరలోనే శుద్ధమైన మరో నీటి వనరు ఉండడం ఎంత ధైర్యమో అర్థమైంది. నిర్మించడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం.

ఈ కేంద్రం చేయలేని పని ఒకటుంది. పాత భవనాల్లో వీధి గొట్టానికీ ఇంటికీ మధ్య సీసపు పైపు ఉండవచ్చు. పైపు లోపల పొర కట్టేలా నీటిలో ఫాస్ఫేటు కలుపుతున్నారు గాని, అది పూర్తి రక్షణ కాదు. నగర పాలక సేవల నంబరు 311కు ఫోన్ చేస్తే సీసం పరీక్షకు ఉచితంగా సీసాలు పంపుతారు. పసిపిల్లలున్న ఇంట్లో ఫిల్టరు కొనేముందు ఆ పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే, దాన్ని తొలగించేదిగా ధ్రువీకరించిన చిన్న కుళాయి ఫిల్టరు చాలు.