ఆరని క్లే: తేలుడు, మునుగుడు పాఠానికి ఎంతవరకు పనికొస్తది

ఒకటి నుంచి మూడో తరగతి దాకా తేలుడు, మునుగుడు చెప్పేవాళ్లు స్టేషనరీ షాపులో దొరికే ఆరని నూనె క్లే తప్పకుండ కొనుక్కోవాలె. చాన రోజుల సంది వాడుతున్న, దీని మీద ఇష్టం తగ్గలేదు. 50 గ్రాముల ముద్దను టబ్బులో వేస్తే బుడుంగున మునుగుతది. అదే ముద్దను 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, అంచులు 2 సెంటీమీటర్లు లేపి గిన్నెలాంటి పడవ చేస్తే తేలుతది, పైంగ పది గోటీలు మోస్తది. ముద్దగా ఉన్నప్పుడు అది పక్కకు నెట్టేది సుమారు 30 మిల్లీలీటర్ల నీళ్లే. గిన్నె అయితే తన బరువంత, అంటే 50 మిల్లీలీటర్లు జరిపి నిలబడుతది. బరువున్నవన్నీ మునుగుతయనే నమ్మకం పిల్లల చేతులతోనే పోతది.

సతాయించేది రెండోసారి. మునిగిన పడవను తీసి పిల్లలు తడి మీదనే మళ్లీ ఒత్తుతరు. నూనె క్లే నీళ్లను పీల్చదు కాబట్టి మడతల నడుమ నీటి పొర ఇరుక్కుంటది, అక్కడ అతకదు. పైకి నున్నగ కనపడ్డా ఆ సన్న పగులులకెల్లి నీరెక్కి పడవ మెల్లగ కూర్చుంటది. ఇగ పిల్లలు "ఎర్ర క్లే తేలదు, పచ్చది తేలుతది" అని తేల్చేస్తరు, ఆకారం సంగతి గాలికిపోతది. పాత నూలుగుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు బాగా పిసికినంకనే ఒత్తియ్యాలె. జట్టుకు రెండు ముద్దలిస్తే తొందరపాటు ఉండదు. పిండితో చేసిన క్లే మాత్రం వద్దు, నీళ్లల్ల కరిగి టబ్బంతా తెల్లబడుతది.

ఒంటిపూట బడులప్పుడు ఎండకు క్లే మెత్తబడి అంచులు వాలిపోతయి. కవర్ల చుట్టి, రంజన్ (మట్టికుండ) చల్లటి నీళ్లు పోసిన గిన్నెల కాసేపు పెడితే గట్టిపడుతది.

అయితే ఇదంతా ఆకారం వరకే. మన దిక్కు పిల్లలు రామప్ప ఇటుకల గురించి అడగక మానరు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటల కట్టించిన ఆ గుడి శిఖరపు ఇటుకలు నీళ్ల మీద తేలుతయి. అక్కడ పనిచేసేది ఇటుక నిండా ఉన్న సన్న రంధ్రాలు, వాటిల గాలి. అది క్లేతో చూపలేం. సంత్ర పండు చూపుతది: తొక్కతో తేలుతది, తొక్క తీస్తే మునుగుతది.

జట్టుకు నలుగురు, టీచరుకు తోడు ఇంకొకరు ఉన్నచోట మంచిగ సాగుతది. తరగతి నిండా పిల్లలుండి టీచరు ఒక్కరే అయితే బల్ల మీద చేసి చూపుడే నయం. అంగన్‌వాడీల గోటీలు ఇయ్యొద్దు, నోట్ల పెట్టుకుంటరు. మింగలేనంత పెద్ద చెక్క దిమ్మెలు ఇయ్యండి.