తొందరగా ఆరేదే మంచి బట్ట: సారవాక్ వానల్లో సంగీతోత్సవం

బోర్నియో దీవిలోని మలేషియా రాష్ట్రం సారవాక్‌లో ఏటా జరిగే రెయిన్‌ఫారెస్ట్ వరల్డ్ మ్యూజిక్ ఫెస్టివల్‌కు బయలుదేరేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: తడవకుండా ఉండాలంటే ఏం వేసుకోవాలి? దానికి జవాబు లేదు. అక్కడ తడవకుండా ఎవరూ ఉండలేరు. వాన తడపని పూట చెమట తడుపుతుంది. తడిసినా ఒంటికి బరువు కాని బట్ట ఏది, అది ఎంతసేపట్లో ఆరుతుంది, రాత్రికి ఒక పొడి జత ఎక్కడ భద్రంగా ఉంటుంది అన్నవే పనికొచ్చే ప్రశ్నలు. బసను, బస్సును, బజారును కూడా నేను ఈ లెక్కతోనే తూచాను.

ఈ ఉత్సవం 1998లో మొదలైంది. కూచింగ్ నగరానికి 35 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున, 810 మీటర్ల సంతుబోంగ్ కొండ కింద సారవాక్ కల్చరల్ విలేజ్ ఉంది. ఇబాన్, బిదాయుహ్, ఒరాంగ్ ఉలు, మెలనావు, పెనాన్ తెగల ఇళ్లతో పాటు మలయ్, చైనా ఇళ్లను కూడా ఒక చెరువు చుట్టూ కట్టిపెట్టిన 17 ఎకరాల ఆవరణ అది. జూన్‌లోనో జులైలోనో ఒక శుక్ర, శని, ఆదివారాలు ఈ ఆవరణంతా పాటే. ఆ నెలల్లో అక్కడ వానలు తక్కువని చదివి ధైర్యపడకండి. కూచింగ్‌లో ఏడాదికి సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే హైదరాబాదుకు దాదాపు అయిదు రెట్లు. అలాంటి చోట ‘తక్కువ వాన’ అన్నా నెలకు 200 మిల్లీమీటర్ల మాట. భూమధ్యరేఖకు కూతవేటు దూరం కాబట్టి మధ్యాహ్నం ఎండ మాడు పగలగొడుతుంది, సాయంత్రానికి కొండ మీద మబ్బు దిగుతుంది, ఆపైన కుండపోత. రాత్రి కూడా ఉష్ణోగ్రత 23, 24 డిగ్రీలకు తగ్గదు. చలి లేని వాన ఇది, బట్టల సంగతంతా ఈ ఒక్క దాని మీదే ఆధారపడి ఉంది.

రోజు రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యాహ్నం పూట ఆ తెగల పొడవాటి ఇళ్లలో కళాకారులు జనం మధ్యే కూర్చుని వాయిస్తారు, వాద్యాల గురించి చెబుతారు. ఒక దేశం డప్పు పక్కన మరో దేశం డోలు, నడుమ ఒరాంగ్ ఉలు వాళ్ల పడవ ఆకారపు తీగవాద్యం సపే. నాకు ఉత్సవంలో అన్నిటికన్నా నచ్చింది ఈ భాగమే. రాత్రి వేదికల మీద హోరు ఎక్కువ, ఇక్కడ తీగ మీద వేలు ఎలా కదిలిందో కనిపిస్తుంది. అయితే ఇక్కడ చెప్పులు బయట విప్పాలి, చాపల మీద కూర్చోవాలి. కొన్ని ఇళ్లకు ఎక్కే మెట్లు పెద్ద దుంగలో గంట్లు కొట్టి చేసినవే. తడి పాదం పెట్టినప్పుడు ఆ గంటు మడమకు సరిపోదు, వేళ్లతో పట్టుకుని పక్కకు తిరిగి ఎక్కాలి. చేతిలో గొడుగు, కాళ్లకు అడ్డుపడే కుచ్చిళ్ల గౌను ఉంటే అడుగు తీసి అడుగు వేయడమే గండం. నా ముందు ఎక్కుతున్నావిడ నేలను ఊడుస్తున్న పలాజోను రెండు చేతులతో పైకి పట్టుకుని, మెట్టు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక అక్కడే నిలబడిపోయింది. పిక్క సగం దాకా ఉండే ప్యాంటు, లేదా మోకాలు దాటిన వదులు నిక్కరు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఇదే హాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు, బురద అంచుకు అంటదు, పైగా బట్ట తక్కువ కాబట్టి తొందరగా ఆరుతుంది.

సాయంత్రం నుంచి అందరూ పెద్ద వేదికల ముందున్న పచ్చిక మీదికి చేరతారు. జంగిల్ స్టేజ్, ట్రీ స్టేజ్ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని మీద పాట అయిపోగానే రెండో దాని మీద మొదలు. వానకు ఎవరూ లేచిపోరు. పచ్చిక కాసేపట్లో రొంపి అవుతుంది, ఆ రొంపిలోనే ఎగురుతారు. అప్పుడు ఒంటి మీద ఏముందన్నది నిజంగా తెలుస్తుంది.

జీన్సు సంగతి ముందే తేల్చేద్దాం: వద్దు. తడిసిన జీన్సు మోకాలి దగ్గర పట్టేస్తుంది, మర్నాటికి ఆరదు, దాన్ని మోసుకొచ్చే సంచి కూడా కంపు కొడుతుంది. మన దగ్గర వేసవికి వేసుకునే రేయాన్ కుర్తీలు కూడా ఇక్కడ పనికిరావు. పొడిగా ఉన్నప్పుడు ఎంత జారుగా, చల్లగా ఉంటాయో తడిస్తే అంత సాగి, బరువెక్కి, ఒంటికి అతుక్కుంటాయి. రేయాన్ పోగుకు తడిలో బలం కూడా తగ్గుతుంది, కాబట్టి లాగి పిండితే కుట్ల దగ్గర చిరగవచ్చు. పల్చటి పాలిస్టర్ టీషర్టు, ఆటల నిక్కరు అన్నిటికన్నా నయం. పాలిస్టర్ పోగు తన బరువులో అర శాతం తేమ కూడా పీల్చుకోదు, నూలు పోగు మామూలు గాలిలోని తేమనే ఏడెనిమిది శాతం దాకా లాక్కుంటుంది. గట్టిగా పిండి దులిపితే పాలిస్టర్ సగం ఆరినట్టే. దాని దోషం ఒక్కటే, చెమట వాసనను వదలదు. రెండో రోజుకు అదే చొక్కా మళ్లీ వేసుకుంటే పక్కవాళ్లు జరిగి నిలబడతారు.

నూలు మీద ఇష్టం చంపుకోలేనివాళ్లు పల్చటి ముల్ముల్ లాంటిది ఎంచుకోవచ్చు. మందం లేని నూలు తొందరగానే ఆరుతుంది, చర్మానికి సుఖం కూడా. అయితే లేత రంగు ముల్ముల్ తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది. ముద్రలున్న బట్ట, లేదా మధ్యరకం రంగు మంచిది. నలుపు, ముదురు నీలం అన్నీ దాస్తాయి గానీ మధ్యాహ్నం ఎండలో కాలిపోతాం, పైగా ముదురు రంగులంటే దోమలకు ప్రాణం. రంగు వదిలే బట్టలు మాత్రం తేవద్దు. బాందినీ దుపట్టా వేసుకుని వచ్చిన ఒకమ్మాయి తెల్ల చొక్కా భుజాలు చీకటి పడేసరికి గులాబీ రంగుకు తిరిగాయి. చూడటానికి బాగానే ఉంది, ఆమె మాత్రం అలా అనుకోలేదు.

ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్పాలి. తడిబట్టలతో గంటల తరబడి నడిచి గెంతితే తొడలు ఒరుసుకుపోతాయి. రెండో రోజు పాట కన్నా ఆ మంటే ఎక్కువ వినిపిస్తుంది. లోపల బిగుతుగా ఉండే సైక్లింగ్ షార్ట్స్, ముందే రాసుకున్న కాస్త వ్యాజిలీన్ ఈ బాధను తప్పిస్తాయి. లోదుస్తులు కూడా నూలువి కాకుండా తొందరగా ఆరేవి తెచ్చుకోవాలి.

పైన కప్పుకునే దాని గురించి. ఖరీదైన రెయిన్ జాకెట్ ఇంట్లోనే ఉంచి రండి. నీటిని ఆపుతూనే చెమటను బయటికి పంపుతుందని దాన్ని అమ్ముతారు. చెమట ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట గాలి పొడిగా ఉండాలి కదా. సారవాక్ రాత్రి గాలి నీటితో నిండి ఉంటుంది, ఆవిరి ఎక్కడికీ పోదు, వాన తగలకుండానే లోపల తడిసి ముద్దవుతాం. పోంచో అయితే పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, వీపు మీది సంచిని కూడా కప్పుతుంది. పల్చటి ప్లాస్టిక్‌తో ఒక్కసారి వాడి పారేసే రకం చంక దగ్గర చిరిగి, చివరికి బురదలో చెత్తగా మిగులుతుంది. కాస్త మందంగా, మడిస్తే పిడికిలిలో పట్టేది ఒకటి కొనుక్కుంటే మూడు రాత్రులూ గడుస్తాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు పోంచో టోపీ కింద ముందుకు చూరున్న క్యాప్ పెట్టుకోవాలి. అది లేకపోతే వేదిక మీద ఎవరున్నారో అద్దాల మీది చుక్కలకే తెలియాలి. గొడుగు మధ్యాహ్నం ఎండకు మంచి తోడు. రాత్రి గుంపులో విప్పితే వెనకవాళ్ల కంట్లో పుల్ల, వాళ్ల నోట్లో తిట్టు.

మన అరుణాచల్‌లోని జీరో అనే ఊళ్లో జరిగే సంగీతోత్సవానికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పే జాబితా ఇక్కడికి నప్పదు. అక్కడా వానే, బురదే. కానీ 1,500 మీటర్లకు పైన, సెప్టెంబరు చివర్లో జరుగుతుంది కాబట్టి రాత్రి చలికి వణకాలి. ఆ జాకెట్లు, ఉన్ని మేజోళ్లు, గమ్‌బూట్లు సంతుబోంగ్‌లో శిక్షే. గమ్‌బూటులోకి పైనుంచి ఒకసారి నీళ్లు దిగాయంటే కాలు ఉడుకుతుంది, వేళ్ల సందులు నాని పుండ్లు పడతాయి.

మరి కాళ్లకు ఏమిటి? రబ్బరు చెప్పులు వద్దు, బురద ఒక దాన్ని ఉంచేసుకుంటుంది. ఉత్సవం మర్నాడు పచ్చిక మీద జతలేని చెప్పులు ఎన్ని పడి ఉంటాయో చూస్తే నమ్ముతారు. మడమ వెనక పట్టీ ఉన్న శాండల్స్ మేలు. విప్పడం తేలిక, ఇంటింటికీ విప్పాలి కాబట్టి అది చిన్న విషయం కాదు. నాకు బాగా నచ్చింది మాత్రం మలేషియాలో ‘అడిడాస్ కాంపుంగ్’ అని ముద్దుగా పిలుచుకునే నల్ల రబ్బరు బూటు. ఆ పేరున్న కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. రబ్బరు తోటల్లో పనిచేసేవాళ్లు, కొండలెక్కేవాళ్లు వేసుకునేది. అంతా ఒకే రబ్బరు పోత, అడుగున మొటిమల్లాంటి బుడిపెలు, మెత్తటి అట్ట అనేదే లేదు. బురదలో జారదు. లోపలికి నీళ్లు వస్తే విప్పి బోర్లించి చేత్తో తుడిస్తే చాలు, ఆరాల్సిన గుడ్డ అందులో ఏముంది గనక. చాలా చవక. పల్చటి మేజోళ్లు లేకుండా వేసుకుంటే మాత్రం మడమ బొబ్బలెక్కుతుంది. రోజంతా కాంక్రీటు మీద నడవడానికి కూడా పనికిరాదు.

బస విషయానికొస్తే రెండే దారులు. ఒకటి, దమాయ్ తీరంలో, ఉత్సవ ఆవరణకు నడిచి వెళ్లగల దూరంలో ఉన్న రిసార్టులు. రెండోది, కూచింగ్ నగరం. అందరూ మొదటి దానికే ఓటేస్తారు, కారణం కూడా ఉంది. మధ్యాహ్నం వానకు గదికి పోయి బట్టలు మార్చుకుని రావచ్చు, అర్ధరాత్రి బస్సు కోసం నిలబడనక్కర్లేదు. కాకపోతే గదులు చాలా ముందే అయిపోతాయి, ఉన్నవాటికి ధర పెంచుతారు. నేను మొదట దిగిన చోట, పేరు వద్దు, కొయ్య గది చెట్ల మధ్య ఎంతో అందంగా ఉంది. బట్టలు ఆరేయడానికి ఒక్క తీగె లేదు, ఏసీ చల్లగా ఊదడమే తప్ప తేమను లాగదు, వరండాలో వేసిన తువ్వాలు మర్నాడు మధ్యాహ్నానికి ముక్కిపోయిన వాసనతో వేసినంత తడిగానే ఉంది. అడిగితే లాండ్రీకి ఇవ్వమన్నారు, ఎప్పుడొస్తుందంటే రేపు సాయంత్రం. రేపు మధ్యాహ్నం ఏం కట్టుకోవాలో వాళ్లు చెప్పలేదు. సముద్రం వైపు సాయంత్రం పూట ఇసుక ఈగలు కూడా కుడతాయి, దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. చీకటి పడకముందు పొడవు చేతుల చొక్కా వేసుకోవడం వానకన్నా వీటికోసమే.

అందుకే కూచింగ్‌కే నా ఓటు. ముప్పావుగంట ప్రయాణం, ఉత్సవం రోజుల్లో షటిల్ బస్సులు నడుస్తాయి. సాయంత్రం వెళ్లేటప్పుడు సాఫీగానే ఉంటుంది. రాత్రి తిరిగొచ్చేటప్పుడు వరుస పొడవు, ఓపిక కావాలి. బస్సెక్కాక అసలు పరీక్ష ఉంది. ఏసీ గాలి తడిబట్టల మీద సూటిగా కొడుతుంది, అంతసేపు చలి ఎరుగని ఒళ్లు అప్పుడు గజగజలాడుతుంది. జిప్ బ్యాగులో మడిచి దాచిన ఒక పొడి టీషర్టు ఆ ముప్పావుగంటకు బంగారం. జిప్ బ్యాగులు రెండు ఉండాలి, ఒకటి పొడి జతకు, ఒకటి విప్పిన తడిబట్టకు. అవి రెండూ కలిశాయా, రెండూ తడే.

కూచింగ్‌కు నేను ఎక్కువ మార్కులు వేయడానికి మరో కారణం అక్కడి సెల్ఫ్ సర్వీస్ లాండ్రీలు. వీధి వీధికీ ఒకటి కనిపిస్తుంది. నాణేలు వేస్తే ఉతకడం ఒక యంత్రం, ఆరబెట్టడం ఇంకొకటి. వేడిగాలి యంత్రంలోంచి బట్టలు తీసి మడతపెడుతుంటే, ఎదురుగా కుర్చీల్లో అదే ఉత్సవానికి వచ్చిన జనం బురద సంచులతో వరుసగా కూర్చుని ఉంటారు. మర్నాటి మధ్యాహ్నం ఎవరి కచేరీ తప్పకుండా వినాలో నాకు అక్కడే తెలిసింది. ఈ సౌకర్యం ఉంటే మూడు రోజులకు రెండు జతలు, రాత్రికి ఒకటి, అంతే సామాను.

ఏదైనా మరిచిపోయి వచ్చినా దిగులు లేదు. కూచింగ్‌లోని ఇండియా స్ట్రీట్‌లో బట్టల దుకాణాలే ఎక్కువ, ఆటల నిక్కర్లు, తలగుడ్డలు, పల్చటి బాతిక్ సరోంగులు దొరుకుతాయి. సరోంగు తప్పకుండా కొనండి. నడుముకు చుట్టుకుంటే బట్టలు మార్చుకునే గది, పరిస్తే చాప, కప్పుకుంటే బస్సులో దుప్పటి. నది ఒడ్డున మెయిన్ బజార్ దుకాణాల్లో ఇబాన్ స్త్రీలు చేత్తో నేసిన పువా కుంబు బట్ట చూస్తే ఉత్సవానికి భుజాన వేసుకోవాలనిపిస్తుంది. వేసుకోకండి. అది వాళ్ల క్రతువుల్లో వాడే నేత, నూలును కట్టి రంగు అద్ది నెలల తరబడి శ్రమపడి తయారుచేస్తారు. కొనగలిగితే కాగితంలో చుట్టి నేరుగా పెట్టెలో పెట్టాలి.

ఉత్సవం అయ్యాక ఒకటి రెండు రోజులు ఉండేవాళ్లు బాకో జాతీయవనానికి పడవ మీద పోవచ్చు, పొడుగుముక్కు కోతులను చూడవచ్చు. ఇవే బట్టలు, ఇదే రబ్బరు బూటు అక్కడికీ సరిపోతాయి. పడవ దిగేచోట మోకాలి లోతు నీళ్లలోకి కాలు పెట్టాల్సి రావచ్చు, జీన్సు వేసుకున్నవాళ్లను అక్కడ కూడా తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. తిరుగు ప్రయాణానికి ముందు బూట్లను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి, లోపల వార్తాపత్రిక కాగితం కుక్కి పెట్టండి. ఎర్రమట్టి ఎండిపోతే పెట్టెలోని మిగతా బట్టలన్నిటికీ అంటుకుంటుంది, అది ఎన్ని ఉతుకులకూ వదలదు.