పొట్ట వ్యాయామాలను మార్చి మార్చి చేస్తే కలిగే ఫలితం: నాలుగేళ్ల సాధన తరువాత నా సమీక్ష

నల్లగొండలో ఉంటూ, కొంత జిమ్‌లోనూ ఎక్కువ భాగం ఇంట్లోనూ, నాలుగేళ్లకు పైగా పొట్ట కండరాల వ్యాయామాలను మార్చి మార్చి చేస్తున్నాను. ఈ పద్ధతి పనిచేస్తుందని గట్టిగా చెప్పగలను. అయితే వ్యాయామం పేరు మారినంత మాత్రాన సరిపోదు, కండరం చేసే పని మారాలి. క్రంచ్ మానేసి సిటప్, సిటప్ మానేసి వీ-అప్ పెట్టుకుంటే కొత్తగా ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే ఆ మూడింటిలోనూ వెల్లకిలా పడుకుని పైకి లేస్తూ వెన్ను ముందుకు వంగడమే ప్రధానంగా జరుగుతుంది.

పొట్ట ముందు భాగంలో నిలువుగా కనిపించే రెక్టస్ అబ్డామినిస్ కటి ఎముక ముందు భాగం నుంచి ఛాతీ ఎముక కింది కొస వరకు, 5, 6, 7వ పక్కటెముకల మృదులాస్థుల వరకు సాగుతుంది. సిక్స్ ప్యాక్ అని అందరూ అనేది దీన్నే. పక్కలకు ఉండే ఆబ్లిక్స్ నడుమును తిప్పుతాయి, అవసరమైనప్పుడు తిరగకుండా పట్టి ఉంచుతాయి. అన్నిటికన్నా లోపల ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ నడుముకు బిగించిన దట్టీలా అడ్డంగా చుట్టుకుని ఉంటుంది. వెన్నును ఆనుకుని ఉన్న కండరాలు కూడా కోర్‌లో, అంటే నడుము చుట్టూ ఉన్న కండరాల సముదాయంలో, భాగమే కాబట్టి, ముందు భాగాన్ని ఒక్కదాన్నే సాధన చేయడం సగం పని కిందికే వస్తుంది. రైతుబజారు నుంచి ఒక చేత్తో సంచి మోసుకొచ్చేటప్పుడు గానీ, గుంతల రోడ్డు మీద బండి నడిపేటప్పుడు గానీ, ఈ కండరాలు ఎక్కువగా చేసేది నడుము కదిలిపోకుండా ఆపే పని. దాన్ని సాధన చేయించని పట్టిక ఎంత కష్టమైనదైనా అసంపూర్ణమే.

అందువల్ల నా పట్టికలో ఎప్పుడూ నాలుగు రకాల పనులు ఉంటాయి: వెన్ను వెనక్కి వంగిపోకుండా ఆపడం, పక్కకు ఒరగకుండా ఆపడం, మొండెం తిరగకుండా ఆపడం, చివరగా ముందుకు వంచడం.

మొదటి పనికి అందరికీ ముందుగా సూచించేది డెడ్ బగ్. వెల్లకిలా పడుకుని, చేతులు పైకి చాపి, మోకాళ్లను తుంటి పైన లంబకోణంలో నిలిపి, కుడి చేతిని తల వెనక్కు, ఎడమ కాలిని ముందుకు నెమ్మదిగా దించాలి. చూడడానికి పిల్లల ఆటలా అనిపించే ఈ వ్యాయామం సరిగ్గా చేస్తే ఎనిమిది సార్లకే పొట్ట వణుకుతుంది. నాకు దీన్ని నేర్పిన జిమ్ కుర్రవాడు నడుము కింద ఒక పల్చటి తుండును మడతపెట్టి, దాని కొసను తన చేత్తో పట్టుకుని లాగుతూ, "సార్, తుండు ఊడి రావద్దు. నడుము లేసిందంటే అక్కడికే ఆపుండ్రి" అనేవాడు. కాలు నేల దాకా దించాలన్న ఆరాటంలో నడుము లేస్తే భారం పొట్ట నుంచి తప్పుకుని నడుము మీద పడుతుందని ఆ తుండు పరీక్ష ఎవరికైనా నిమిషంలో అర్థమయ్యేలా చేస్తుంది. ఇంట్లో తోడు లేనప్పుడు తుండు కొసను తలుపు గొళ్లేనికి కట్టుకున్నా చాలు.

డెడ్ బగ్ కుదిరిన తరువాతే ఆబ్ వీల్, అంటే రెండు పక్కలా పిడులు పట్టుకుని ముందుకు దొర్లించే చిన్న చక్రం, పట్టుకోవాలి. ఐదు వందల రూపాయల లోపు దొరికే వస్తువుల్లో దీనంత విలువైనది మరొకటి నాకు తెలియదు. మన ఇళ్లల్లోని షాబాద్ బండల మీద చక్రం జారుతుంది కాబట్టి కింద చాప పరచుకుని, మోకాళ్ల కింద చెద్దరు మడతపెట్టుకోవాలి. మొదట్లో గోడకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, చక్రం గోడకు తగిలి ఆగేలా దూరం పెట్టుకుని, బలం పెరిగే కొద్దీ గోడ నుంచి జానెడు జానెడు వెనక్కి జరుగుతూ పోవాలి. ఆన్‌లైన్‌లో కొన్న నా మొదటి చక్రానికి ప్లాస్టిక్ ఇరుసు ఉండేది, అది కొద్ది నెలల్లోనే పగిలింది. ఇనుప కడ్డీ, రెండు చక్రాలు ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

పక్కకు ఒరగకుండా ఆపే పనికి, ఒక పక్కకు తిరిగి మోచేతి మీద శరీరాన్ని నిటారుగా నిలిపే సైడ్ ప్లాంక్ మంచిదే. వెన్నెముక బయోమెకానిక్స్‌పై కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ నడుము నొప్పి ఉన్నవారికి సూచించిన మూడు వ్యాయామాల్లో ఇది ఒకటి. మిగిలిన రెండూ వెల్లకిలా పడుకుని తల, భుజాలు కొద్దిగా లేపే కర్ల్-అప్, చేతులు మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయి, కాలు చాపే బర్డ్ డాగ్. అయితే నా శరీరానికి ఎక్కువ మేలు చేసింది బరువు మోసే నడక. ఫ్లోరైడ్ కారణంగా మా జిల్లాలో శుద్ధి చేసిన నీటి క్యాన్ వాడని ఇల్లు అరుదు. నిండిన 20 లీటర్ల క్యాన్ ఇరవై కిలోలకు కొంచెం ఎక్కువే తూగుతుంది. పైన పిడి ఉన్న క్యాన్‌ను ఒక్క చేత్తో పట్టుకుని, భుజాలు సమంగా ఉంచి, వాకిలి పొడవునా నడిచి చేయి మార్చుకోవాలి. బరువుకు ఎదురుగా ఉన్న పక్క కండరం మండడం మొదలైతే పని సరైన చోట పడుతున్నట్టే.

మొండెం తిరగకుండా ఆపడానికి రబ్బరు బ్యాండును కిటికీ కమ్మీకి కట్టి, పక్కకు తిరిగి నిలబడి, దాన్ని ఛాతీ ముందుకు చాపే పాలాఫ్ ప్రెస్ చాలు.

నాలుగోదైన ముందుకు వంచే పనికి వస్తే, వేలాడుతూ కాళ్లు లేపే వ్యాయామం గురించి కొంచెం చెప్పాలి. మేకల అభినవ్ స్టేడియంలో పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువకులు దీన్ని ఊగుతూ చాలా వేగంగా చేయడం చూస్తుంటాను. కాళ్లు తుంటి ఎత్తుకు వచ్చే వరకు ఎక్కువ శ్రమ తుంటి ముందు కండరాలదే. అక్కడి నుంచి కటి భాగం ముడుచుకుని పైకి తిరిగినప్పుడే పొట్ట కండరం కుంచించుకుంటుంది. మోకాళ్లు మడిచి, ఊగకుండా, కటిని ముడిచి ఎనిమిది సార్లు చేసేవారికి ఊగుతూ ముప్ఫై చేసేవారికన్నా ఎక్కువ లాభం. సిటప్స్ విషయమూ అంతే, లేచి కూర్చోవడంలో చాలా శ్రమ తుంటి ముందు కండరాలదే. 1980 నుంచి ఫిట్‌నెస్ పరీక్షలో ఉన్న సిటప్స్‌ను అమెరికా సైన్యం పక్కన పెట్టి, 2022లో అమలు చేసిన కొత్త పరీక్షలో, మోచేతులు, కాలివేళ్ల మీద శరీరాన్ని నిటారుగా నిలిపే ప్లాంక్‌ను ఉంచింది.

ఎన్నాళ్లకు మార్చాలనేది చాలామంది అడిగే ప్రశ్న. కండరాన్ని ఆశ్చర్యపరచాలంటూ ప్రతి రోజూ కొత్త వ్యాయామం చేయించే సలహాతో నేను ఏకీభవించను. రోజూ మార్చేవారికి కిందటి వారం కన్నా బలం పెరిగిందా లేదా అని తేల్చుకునే ఆధారమే మిగలదు. ఒక్కో పనికి ఒక్కో వ్యాయామం తీసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలు దానినే పట్టుకుని, వారానికి మూడు రోజులు చేస్తూ, భారమో దూరమో కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, పెరుగుదల ఆగినప్పుడు అదే పనికి చెందిన కష్టమైన రకానికి మారడం నాకు స్థిరంగా ఫలితమిచ్చింది. ప్లాంక్‌ను నిమిషం పాటు నిబ్బరంగా నిలపగలిగితే సమయం పెంచడం కన్నా ఒక కాలు లేపి చేయడం మేలు.

ఇక పొట్ట మీద గీతలు కనిపించడం. వ్యాయామం కండరాన్ని మందం చేస్తుంది గానీ దాని మీది కొవ్వును అక్కడికక్కడే కరిగించదు. ఒంట్లో కొవ్వు మొత్తంగా తగ్గాలి, మగవారిలో పొట్ట దగ్గరది సాధారణంగా చివరికి తగ్గుతుంది. నా విషయంలో గీతలు తేలింది రాత్రి అన్నం స్థానంలో రెండు జొన్న రొట్టెలు, గట్టి పప్పు, తోటకూర, ఉడికించిన గుడ్లు స్థిరపడిన తరువాతే. జొన్న రొట్టె తిన్నా మోతాదు మించితే లాభం లేదు. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్ నుంచి ప్రోటీన్ సరిపడా అందడమే ముఖ్యం. సిక్స్ ప్యాక్ కండరాన్ని అడ్డంగా విడదీసే స్నాయు పట్టీలు సాధారణంగా మూడు ఉంటాయి. వాటి సంఖ్య, అమరిక పుట్టుకతో వచ్చినవే కాబట్టి నాలుగు పలకలు కనిపించే వ్యక్తి ఎంత శ్రమించినా ఎనిమిది పలకలు రావు. పక్కవారితో పోల్చుకుని నిరాశపడే యువకులకు ఈ సంగతి ముందే చెప్పాలి.

వేసవిలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి, సూర్యోదయానికి ముందే సాధన ముగించడం మంచిది. హెర్నియా ఉన్నవారు, కాలులోకి పాకే నడుము నొప్పి ఉన్నవారు డాక్టరును కలవకుండా ఆబ్ వీల్ జోలికి పోకూడదు. ప్రసవం తరువాత పొట్ట మధ్య గీత వెంట కండరాలు ఎడంగా ఉండిపోయిన స్త్రీలు క్రంచ్‌లతో మొదలుపెట్టకుండా, ఫిజియోథెరపిస్టు చేత ఆ ఎడాన్ని చూపించుకుని, ఊపిరి వదులుతూ పొట్టను లోపలికి తీసుకునే తేలికపాటి సాధనతో ఆరంభించాలి.